స్కూల్ గ్రౌండ్‌కి ఆర్టిఫిషియల్ టర్ఫా, గడ్డా? అనంతపురం ఎండ, నీళ్లు తెలిసినవాళ్లు చెప్పండి

పాత_బెంచి:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం పక్కనే ఉన్న ఒక హైస్కూల్. పూర్వ విద్యార్థులం కలిసి గ్రౌండ్ బాగు చేయిద్దామని డబ్బులు పోగు చేస్తున్నాం. గ్రౌండ్ మొత్తం ఎకరా పైనే ఉంటుంది గానీ మేం చేయించగలిగేది అర ఎకరా. అంతా ఎర్ర నేల, పైన గుండ్రాళ్లు. వానాకాలం తర్వాత పల్లేరు మొలుస్తుంది. కబడ్డీ ఆడే పిల్లల మోకాళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మా వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. బెంగళూరులో ఉన్నవాళ్లు టర్ఫ్, అంటే ప్లాస్టిక్ పోగుల గడ్డి, వేయించేద్దాం, మళ్లీ చూసుకోనక్కర్లేదు అంటున్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు గడ్డి చాలు అంటున్నారు. ఒక కంపెనీ వాళ్లు చదరపు అడుగుకి 85 రూపాయలు చెప్పారు. అర ఎకరా అంటే 21,780 చదరపు అడుగులు. అంటే 18 లక్షల పైమాటే. కింద కంకర బేస్ పని దీనికి అదనం. గడ్డి అయితే ఖర్చు తక్కువే గానీ స్కూల్ బోరు ఏప్రిల్‌కే మొరాయిస్తుంది.

ఆడినవాళ్లు, వేయించినవాళ్లు, పెంచినవాళ్లు మీ అనుభవం చెప్పండి. ఈ ఎండాకాలం సెలవుల్లోపే ఏదో ఒకటి తేల్చాలి.

రాత్రి_ఓపెనర్:
అన్నా, టర్ఫ్ వేయించండి. మేం ఆఫీసు అయ్యాక వారంలో రెండు మూడు రాత్రులు బాక్స్ క్రికెట్ ఆడతాం. ఇప్పుడు ఊళ్లో టర్ఫ్ దొరకాలంటే శని, ఆదివారాల్లో ముందే బుక్ చేసుకోవాలి. ఎందుకంత గిరాకీ? బంతి ఎక్కడ పడినా ఒకేలా లేస్తుంది. డైవ్ కొట్టొచ్చు. వాన పడి ఆగిన అరగంటకే ఆట మొదలు. మట్టి గ్రౌండ్‌లో రెండో ఓవర్‌కే నోట్లో దుమ్ము.

పిల్లలకి కూడా ధైర్యం వస్తుంది. మా తమ్ముడి కొడుకు మట్టిలో ఫీల్డింగ్ అంటే బంతికి అడ్డం పడేవాడు కాదు, కాలు అడ్డం పెట్టేవాడు. టర్ఫ్ మీద నాలుగు వారాలు ఆడాక పడుకుని ఆపుతున్నాడు.

పీఈటీ_ధర్మవరం:
పాత_బెంచి గారూ, నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. రాత్రి_ఓపెనర్ తమ్ముడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆయన ఆడేది రాత్రి పూట. మీ పిల్లలు ఆడేది పగలు. మొత్తం లెక్క అక్కడే మారిపోతుంది.

గడ్డి వేళ్లతో తాగిన నీళ్లని ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది, అందుకే ఎంత ఎండలోనైనా అది ఒక హద్దు దాటి వేడెక్కదు. ప్లాస్టిక్ పోగుకి ఆ పని చేతకాదు. పడిన ఎండనంతా పట్టుకుంటుంది, కింద నల్ల రబ్బరు గుళికలుంటే ఇంకా ఎక్కువ. 2002లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు తమ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో కొలిచారు. గాలిలో వేడి 37 డిగ్రీలున్న రోజున టర్ఫ్ పైభాగం 93 డిగ్రీల దాకా వెళ్లింది. తారు రోడ్డు కంటే ఎక్కువ. నీళ్లు కొడితే 30 దగ్గరికి దిగింది గానీ ఇరవై నిమిషాల్లో మళ్లీ 70 దాటింది. మన దగ్గర 37 డిగ్రీలంటే మార్చి నెల మాట.

ఏదైనా టర్ఫ్‌కి మధ్యాహ్నం రెండింటికి వెళ్లి అరచెయ్యి ఆనించి చూడండి, ఎంతసేపు ఉంచగలరో. నేను చూశాను. పోగుల మీద కాస్త ఓర్చుకోవచ్చు, వేలు లోపలికి దింపితే రబ్బరు తగిలిన చోట చురుక్కుమంటుంది. మా స్కూల్లో సగం మంది పిల్లలు కబడ్డీ, ఖోఖో చెప్పుల్లేకుండానే ఆడతారు. వాళ్లని దాని మీద నిలబెట్టలేను.

రాత్రి_ఓపెనర్:
సార్, మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులే కదా? పన్నెండున్నరకి పిల్లలు ఇంటికెళ్లిపోతారు. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఎండ ముదిరిన రోజుల్లో స్కూలే ఉండదు.

పీఈటీ_ధర్మవరం:
ఒంటిపూట బడిలో కూడా గేమ్స్ పీరియడ్ పది, పదకొండు మధ్యలోనే పడుతుంది తమ్ముడూ. ఇంకో మాట. టర్ఫ్ వేడెక్కేది గాలి వేడి కంటే నేరుగా పడే ఎండ వల్ల. అందుకే ఫిబ్రవరిలోనో, అక్టోబర్‌లోనో మబ్బు లేని మధ్యాహ్నం మనకి చల్లగానే అనిపించినా టర్ఫ్ మాత్రం కాలుతూనే ఉంటుంది. మన జిల్లాలో మబ్బు పట్టే రోజులెన్ని?

స్టిక్_అండ్_బాల్:
నేను కాలేజీ దాకా హాకీ ఆడాను. పాత_బెంచి అన్నా, ముందు ఒక సంగతి తేల్చండి. మీ స్కూల్లో ఏ ఆట ఉంది?

హాకీ అయితే వాదనే లేదు, టర్ఫ్ కావాల్సిందే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ మీద హాకీ ఆడించారు. ముందటి ఏడాదే కౌలాలంపూర్‌లో గడ్డి మీద ప్రపంచ కప్ గెలిచిన మన జట్టు అక్కడ ఏడో స్థానంలో మిగిలింది. 1980 మాస్కోలో స్వర్ణం వచ్చింది గానీ ఆ తర్వాత ఒలింపిక్ పతకం కోసం 41 ఏళ్లు ఆగాల్సి వచ్చింది, 2021లో టోక్యోలో కాంస్యం దాకా. టర్ఫ్ ఒక్కటే కారణమని అనను. కానీ గడ్డి మీద బంతిని స్టిక్‌కి అంటించుకుని నాలుగు మలుపులు తిప్పే ఆట మనది. టర్ఫ్ మీద బంతి జర్రున జారిపోతుంది, వేగం, దూరపు పాస్ ఉన్నవాడిది రాజ్యం. మన దేశంలో టర్ఫ్‌లు రావడానికి చాలా ఏళ్లు పట్టింది, ఈలోపు పిల్లలు మట్టిలోనే నేర్చుకున్నారు.

ఇది నాకు సొంతంగా తగిలిన దెబ్బ. మట్టి మీద నేర్చుకుని సెలక్షన్స్‌కి టర్ఫ్ మీదకి వెళ్తే మొదటి పావుగంట బంతి ఆపడమే రాదు. ఆ పావుగంటలోనే సెలెక్టర్ నోట్‌బుక్ మూసేస్తాడు. పల్లె పిల్లలకి జరిగే అన్యాయం ఇది, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

అదే కబడ్డీ, ఖోఖో, క్రికెట్, కాస్త ఫుట్‌బాల్ అయితే టర్ఫ్ తప్పనిసరి కాదు. ఒకటి మరిచిపోవద్దు. హాకీ టర్ఫ్ మీద ఆటకి ముందు నీళ్లు కొట్టి తడపాలి. టర్ఫ్ అంటే నీళ్లు అక్కర్లేదనేది అన్ని ఆటలకీ వర్తించదు.

పాత_బెంచి:
హాకీ లేదు బ్రదర్. కబడ్డీ, ఖోఖో అమ్మాయిలు బాగా ఆడతారు, జిల్లా స్థాయికి వెళ్లారు. అబ్బాయిలకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు. ఫుట్‌బాల్ ఒక బంతి ఉంది, ఆడతారు.

కల్యాణదుర్గం_బోరు:
గడ్డి అంటున్నవాళ్లు ముందు నీళ్ల లెక్క చెప్పండి. ఎండాకాలంలో గడ్డికి రోజుకి 5 మిల్లీమీటర్లు అనుకుందాం. అర ఎకరా సుమారు 2,000 చదరపు మీటర్లు. అంటే రోజుకి పది వేల లీటర్లు. పెద్ద ట్యాంకర్లు రెండు. మా ఊళ్లో మే నెలలో వీధికొక ట్యాంకర్ వస్తే బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్లు ఎండలో నిలబడతారు. ఆ ఊళ్లోనే స్కూల్ గడ్డికి రెండు ట్యాంకర్లు పోస్తుంటే చూసేవాళ్లకి కడుపు మండదా? మన జిల్లాకి ఏడాది మొత్తం పడేది 550 మిల్లీమీటర్లు, అదీ సగం సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే. వెయ్యి అడుగులు దింపినా తడి తగలని బోర్లు మా చేన్లలో ఉన్నాయి.

నేను టర్ఫ్ మనిషిని కాదు. కానీ నీళ్ల సంగతి తేలకుండా గడ్డి నాటితే రెండో ఏడాదికి మళ్లీ గుండ్రాళ్లే మిగులుతాయి.

నర్సరీ_బుక్కరాయసముద్రం:
కల్యాణదుర్గం అన్నా, మీ లెక్క సరైనదే. కాకపోతే అది నర్సరీ లాన్ లెక్క, బంగళా ముందు ఏడాదంతా పచ్చగా కనపడాలనుకునేవాళ్లది. ఆట స్థలానికి అంత అక్కర్లేదు. వివరంగా చెప్తాను, ఇది నా పని.

మన గట్ల మీద పెరిగే గరికే ప్రపంచమంతా స్టేడియాల్లో వాడే బెర్ముడా గడ్డి జాతి. వాళ్లు దాంట్లోంచి సన్న రకాలు తయారు చేసుకున్నారు. గరిక గుణం ఏంటంటే, నీళ్లు ఆపేస్తే పైన ఎండి గోధుమ రంగుకి తిరుగుతుంది, చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. కింద తీగ, వేరు మాత్రం బతికే ఉంటాయి. ఒక వాన పడితే వారంలో పచ్చబడుతుంది. చేన్లో దాన్ని వదిలించుకోలేక రైతు పడే పాట్లు అందరికీ తెలుసు. ఆ మొండితనమే ఇక్కడ మనకి కావాల్సింది.

ఇప్పుడు స్కూల్ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఎండ ముదిరేది ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా. అప్పుడు పిల్లలే లేరు. ఆ నెలన్నర గడ్డిని పచ్చగా ఉంచాల్సిన పని లేదు. పది, పదిహేను రోజులకోసారి ప్రాణం నిలబడేంత తడి ఇచ్చి వదిలేయండి. మిగతా నెలల్లో కూడా రోజూ చల్లొద్దు. రోజూ పైపైన చల్లితే వేరు పైనే ఉండిపోతుంది, ఒక రోజు నీళ్లు తప్పితే వాడిపోతుంది. నాలుగైదు రోజులకోసారి జానెడు లోతు తడిసేలా ఇస్తే వేరు కిందకి దిగుతుంది.

నేల సంగతి. మన ఎర్ర నేలలో నీళ్లు నిలవవు. పైన గుండ్రాళ్లు ఏరించి, దున్నించి, చెరువు మట్టి నాలుగు వేళ్ల మందం తోలించండి. గొర్రెల ఎరువు బాగా మాగింది కలపండి, పచ్చిది వేస్తే కలుపు గింజలన్నీ దాంతోనే వస్తాయి. చెరువు మట్టికి పంచాయతీలో అడిగి పర్మిషన్ తీసుకోండి. వంద అడుగులకి ఒక అడుగు వాలు పెట్టించండి, వాన నీళ్లు మడుగు కట్టకుండా.

నాటేది ఆగస్టులో. గింజ వద్దు, తీగలు నాటండి. రెండు మూడు కణుపులున్న ముక్కలు, జానెడు దూరంలో. సెప్టెంబర్ వానలకి అల్లుకుంటుంది. రెండు మూడు నెలలు పిల్లల్ని దాని మీదకి వెళ్లనివ్వకూడదు. అదొక్కటే కష్టం, తాడు కట్టినా ఆగరు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మా అబ్బాయి ఒక కోచింగ్ టర్ఫ్‌లో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. ఇంటికొచ్చి సాక్సులు విప్పితే నల్లటి గుళికలు రాలతాయి. బాత్‌రూమ్ జాలీలో, మంచం మీద, స్కూల్ బ్యాగ్‌లో, ఎక్కడ చూసినా అవే. వేళ్లతో నలిపితే పాత టైరు వాసన. చిన్నది తొమ్మిది నెలల పాప, నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. ఇవి ఒంటికి మంచివి కావని ఎక్కడో చదివాను. నిజంగా భయపడాలా? తెలిసినవాళ్లు చెప్పండి, నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

పాలిమర్_చదివినోడు:
అక్కా, తెలిసినంత చెప్తాను.

ఆ గుళికలు పాత వాహనాల టైర్లని పొడి చేసినవి. పొడుగు పోగుల మధ్య ఇసుకతో పాటు పోస్తారు, పోగు నిలబడటానికి, కింద పడితే దెబ్బ తగలకుండా ఉండటానికి. పూర్తి ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి వంద టన్నుల పైనే పడుతుంది. టైర్లలో జింక్, ఇంకా క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న కొన్ని నూనె రసాయనాలు ఉంటాయి, అది నిజం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2019లో ఇచ్చిన రిపోర్టులో ఈ రసాయనాలు గుళికల్లో ఉన్నాయి గానీ గాల్లోకి, ఒంట్లోకి చేరేది తక్కువేనని తేల్చింది. కాబట్టి మీ అబ్బాయి ఆట మానేయాల్సినంత భయం వద్దు. ఆట అయ్యాక గేటు బయటే బూట్లు, సాక్సులు దులిపించండి, రాగానే చేతులు కడిగించి స్నానం చేయించండి. ఆ సాక్సులు పాపకి అందనివ్వకండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల్ని టర్ఫ్ మీద పాకించొద్దు.

కానీ పర్యావరణం సంగతి వేరు. ఈ గుళికలు ఏడాది పొడవునా గ్రౌండ్ దాటి బయటికి పోతూనే ఉంటాయి. వాన నీళ్లతో కాలవలోకి, కాలవ నుంచి చెరువులోకి. పోగులు కూడా ఎండకి పెళుసెక్కి పొడి అవుతాయి. అందుకే యూరోపియన్ యూనియన్ 2023లో సూక్ష్మ ప్లాస్టిక్‌ల మీద నిషేధం తెచ్చినప్పుడు గ్రౌండ్లలో పోసే ఈ గుళికల్ని కూడా చేర్చింది. మార్చుకోవడానికి 8 ఏళ్లు గడువిచ్చారు, 2031 అక్టోబర్ తర్వాత అక్కడ అమ్మడానికి లేదు.

పాత_బెంచి గారూ, మీరు టర్ఫే వేయించాలనుకుంటే రబ్బరు వద్దని ముందే చెప్పండి. ఉత్త ఇసుక పోసినవి ఉన్నాయి, బెరడు పొడి పోసినవి ఉన్నాయి. పోగుకి ఎండ తట్టుకునే గ్యారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోండి, నోటి మాట నమ్మొద్దు. ఇంకోటి. టర్ఫ్ ఆయుష్షు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు. ఆ తర్వాత చింపి తీసిన ఆ చుట్టల్ని ఎక్కడ పారేస్తారు? పాత టర్ఫ్ పోగు, వెనక జిగురు పొర, ఇసుక అన్నీ కలిసిపోయి ఉంటాయి, విడదీసి కరిగించే వసతి మన దగ్గర లేదు. ఊరి చివర తగలబెడతారు. ఆ పొగ పీల్చేది మళ్లీ మనమే.

కొండారెడ్డి_బురుజు:
కర్నూలు నుంచి. ఫుట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. 2015లో కెనడాలో జరిగిన మహిళల ప్రపంచ కప్ మొత్తం కృత్రిమ టర్ఫ్ మీదే ఆడించారు. మగవాళ్లకి గడ్డి, మాకు ప్లాస్టిక్కా అని పెద్ద పెద్ద క్రీడాకారిణులు 2014లో అక్కడి మానవ హక్కుల ట్రైబ్యునల్‌కి ఎక్కారు. 2026 ప్రపంచ కప్‌కి అమెరికాలో టర్ఫ్ ఉన్న స్టేడియాల్లో కూడా దాని బదులు గడ్డి పరచాలన్నది ఫిఫా నిబంధన. నెదర్లాండ్స్ పెద్ద లీగ్ 2025-26 నుంచి టర్ఫ్ వద్దంది, స్కాట్లండ్ 2026-27 నుంచి వద్దంది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 2012 నుంచి 2016 దాకా దెబ్బల లెక్క తీస్తే కాళ్ల దెబ్బలు టర్ఫ్ మీద 16 శాతం ఎక్కువ. బూటు గడ్డిలో దిగితే కొంచెం మట్టి పెళ్లగించుకుని జారుతుంది. టర్ఫ్‌లో దిగితే అక్కడే బిగుసుకుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మోకాలు తిరగదు.

డబ్బున్న దేశాలే వెనక్కి తిరుగుతుంటే మనం ఇప్పుడు కొత్తగా వేసుకోవడం ఎందుకు?

రాత్రి_ఓపెనర్:
బ్రదర్, ఈ పోలిక నాకు నచ్చలేదు. నెదర్లాండ్స్‌లో వాన ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. వాళ్లు టర్ఫ్ తీసేస్తే దాని కింద నుంచి వచ్చేది పచ్చిక. మా స్కూళ్లలో టర్ఫ్ కాదంటే మిగిలేది గుండ్రాళ్లు, పల్లేరు కాయలు. టర్ఫ్‌ని దాంతో పోల్చండి. మా బ్యాచ్‌లో ఒకడికి మట్టి గ్రౌండ్‌లో పడి ముంజేయి ఎముక విరిగింది, అదే పడటం టర్ఫ్ మీద అయితే లేచి నవ్వుకునేవాడు. వాడు ఆ తర్వాత మళ్లీ ఆడలేదు.

అందరూ ఆదర్శం మాట్లాడుతున్నారు. నాటిన గడ్డి ఎన్ని ప్రభుత్వ స్కూళ్లలో నిలబడిందో చూపించండి. మొదటి ఏడాది ఫొటోలు దిగుతారు, హెడ్‌మాస్టర్ ట్రాన్స్‌ఫర్ అవుతారు, మోటారు కాలిపోతుంది, అంతే. టర్ఫ్ అయితే ఎవరు వచ్చినా పోయినా పదేళ్లు అక్కడే ఉంటుంది.

పీఈటీ_ధర్మవరం:
ఈ మాటలో బలం ఉంది తమ్ముడూ. గడ్డికి మనిషి కావాలి, రోజూ కావాలి. మనిషి లేకపోతే గడ్డి లేదు.

గ్రౌండ్స్‌మన్_కొడుకు:
మా నాన్న చాలా ఏళ్లు గ్రౌండ్ పని చేశారు. తెల్లవారుజామున నాలుగున్నరకి పైపు భుజాన వేసుకుని వెళ్లేవారు, ఎండ రాకముందే తడి అయిపోవాలని. నేనిప్పుడు ఒక ప్రైవేట్ టర్ఫ్ చూసుకుంటున్నాను. రెండు వైపులా పని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

టర్ఫ్‌కి పని ఉండదన్న మాట నమ్మొద్దు. వారానికోసారి బ్రష్ లాగాలి, లేకపోతే పోగులు ఒకే వైపు పడిపోయి బంతి అటే జారుతుంది. గోల్ ముందు, బ్యాటింగ్ క్రీజ్ దగ్గర గుళికలు తొక్కుడుకి పక్కకి పోయి గుంటలు పడతాయి, మళ్లీ పోయాలి. అతుకుల దగ్గర జిగురు ఎండకి వదులుతుంది. ఆ అతుకు లేచిన చోట కాలు తట్టుకుందంటే పడటమే. మా దగ్గర వేసవిలో అతుకులు చూసుకోవడమే పెద్ద పని.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు మన గాలి. ఆషాఢంలో మన దగ్గర గాలి ఎలా వీస్తుందో చెప్పక్కర్లేదు. ఎర్ర దుమ్ము లేచి టర్ఫ్‌లో కూర్చుంటుంది. చుట్టూ మట్టి గ్రౌండ్ ఉంటే మరీ ఎక్కువ. వాన పడగానే ఆ దుమ్ము పోగుల అడుగున బురదై, ఎండగానే గట్టిపడుతుంది. రెండు మూడేళ్లు అలా వదిలేస్తే టర్ఫ్ మెత్తదనం పోయి సిమెంట్ నేల మీద పడ్డట్టే ఉంటుంది, కింద నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. ఊరి మధ్య నాలుగు గోడలున్న బాక్స్ టర్ఫ్‌కి ఈ సమస్య తక్కువ. బయలు మధ్య ఉన్న స్కూల్‌కి చాలా ఎక్కువ. మీకు రేటు చెప్పిన కంపెనీ వాళ్లు ఈ సంగతి చెప్పారా?

ఇక గడ్డి మన దగ్గర నిలవదన్న మాట. మన అనంతపురంలోని ఆర్డీటీ స్టేడియం చూడండి. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు అక్కడ ఆడారు, పచ్చటి అవుట్‌ఫీల్డ్ టీవీలో దేశమంతా చూసింది. అదే ఎండ, అదే నేల. అక్కడ మనుషులున్నారు, నీళ్లున్నాయి, ఒక పద్ధతి ఉంది. స్కూల్‌కి అంత స్థాయి రాదు, అక్కర్లేదు కూడా. కానీ నేల మీద నెపం వేయొద్దు.

పాత_బెంచి:
దుమ్ము సంగతి ఎవరూ చెప్పలేదన్నా. మా స్కూల్ చుట్టూ చేన్లే, జూలైలో క్లాసు కిటికీలు మూసి పెట్టుకుంటారు.

నేను ఒక లెక్క వేశాను. గడ్డి చూసుకునే మనిషికి నెలకి 12 వేలు అనుకున్నా ఏడాదికి 1,44,000. పదేళ్లకి 14 లక్షల 40 వేలు. అంటే గడ్డి చవక అనుకోవడానికి లేదు, టర్ఫ్ ఖర్చు దగ్గరికే వస్తుంది. ఆ డబ్బు ఒకేసారి కాకుండా ఏటా కావాలి, అదే మాకు కష్టం. ఒకేసారి ఇవ్వమంటే అందరూ ఇస్తారు, ఏటా ఇవ్వమంటే రెండో ఏడాదికి ఫోన్ ఎత్తరు.

కల్యాణదుర్గం_బోరు:
నర్సరీ అన్న చెప్పిన సెలవుల లెక్క నాకు నచ్చింది. అలాగైతే నీళ్లు సగానికి సగం తగ్గుతాయి. ఇంకో దారి చెప్తాను. మధ్యాహ్న భోజనం వండే చోట బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు, పిల్లలు ప్లేట్లు, చేతులు కడిగే కుళాయిల నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూడండి. మూడు నాలుగు వందల మంది పిల్లలున్న స్కూల్లో అది తక్కువేం కాదు. ఒక ఇసుక గుంట మీదుగా తొట్టిలోకి మళ్లించండి. తాగే నీళ్ల ప్లాంట్ ఉంటే అది వదిలేసే ఉప్పు నీళ్లు కూడా గరిక తట్టుకుంటుంది, కాకపోతే మామూలు నీళ్లతో మార్చి మార్చి ఇవ్వండి.

బిల్డింగ్ పైకప్పు 500 చదరపు మీటర్లుంటే మన 550 మిల్లీమీటర్ల వానకే రెండు లక్షల లీటర్ల పైన దిగుతుంది. ఆ పైపులన్నీ బోరు పక్కన ఒక ఇంకుడు గుంతలోకి తిప్పండి. టర్ఫ్ వేసినా, గడ్డి వేసినా, అసలేమీ చేయకపోయినా ఈ పని మాత్రం చేయండి.

పీఈటీ_ధర్మవరం:
నేను స్కూల్ వాడిగా చెప్పేది ఇది. అర ఎకరా మొత్తం ఒకటే రకం ఎందుకు ఉండాలి?

కబడ్డీ, ఖోఖో కోర్టులకి గడ్డీ వద్దు, టర్ఫూ వద్దు. మెత్తటి మట్టి కావాలి. అడుగు లోతు తవ్వించి, జల్లెడ పట్టిన ఎర్ర మట్టి, కాస్త ఇసుక కలిపి నింపి, తడిపి రోలర్ తిప్పితే చాలు. మీ అమ్మాయిల మోకాళ్ల సమస్య అక్కడికి తీరుతుంది, ఖర్చు మీ బడ్జెట్‌లో చిన్న ముక్క. పెద్ద పోటీల్లో కబడ్డీ మ్యాట్ మీదే ఆడతారు కాబట్టి, డబ్బు మిగిలితే మడిచి లోపల పెట్టుకునే మ్యాట్లు ఒక సెట్ కొనివ్వండి.

క్రికెట్‌కి మధ్యలో ఒక సిమెంట్ పిచ్, దాని మీద కొబ్బరి పీచు మ్యాటు. చుట్టూ ఉన్న మిగతా భాగంలో గరిక. అది కూడా అర ఎకరా ఉండదు, పావు ఎకరా పైన కొంచెం. నీళ్లు ఇంకా తగ్గుతాయి. పడమటి వైపు, దక్షిణం వైపు కానుగ, వేప మొక్కలు వరసగా పెట్టించండి. నాలుగైదేళ్లలో మూడు గంటల తర్వాత నీడ గ్రౌండ్ మీదకి వస్తుంది, ఆషాఢం గాలికి అడ్డు కూడా. ఏ టర్ఫ్ కంపెనీ ఇవ్వలేనిది అది.

రాత్రి_ఓపెనర్:
సార్ ప్లాన్ బాగుంది, స్కూల్‌కి అదే సరిపోతుందేమో. కానీ ఊళ్లో పిల్లలకి, ఉద్యోగాలు చేసుకునే మాలాంటివాళ్లకి రాత్రి ఆడుకోవడానికి టర్ఫ్‌లు కావాల్సిందే. అవి వచ్చాకే మా ఫ్రెండ్స్ పదిమందికి సాయంత్రం ఒక వ్యాపకం దొరికింది. ఆ మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను. పగలు పిల్లలకి గడ్డి, రాత్రి లైట్ల కింద టర్ఫ్. దేని చోటు దానిదే.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
పాలిమర్ తమ్ముడూ, చాలా థాంక్స్. బూట్లు గేటు బయటే దులిపిస్తున్నాను, సాక్సులు బకెట్‌లో నానబెట్టి మూత పెడుతున్నాను. కోచ్‌ని అడిగితే వచ్చేసారి గుళికలు పోసేటప్పుడు వేరే రకం చూస్తామన్నారు.

పాత_బెంచి:
మా గ్రూపులో ఈ చర్చంతా పెట్టాను. బెంగళూరు వాళ్లు కూడా దుమ్ము, వేడి విషయాలు చదివాక మెత్తబడ్డారు. పీఈటీ సార్ చెప్పిన పద్ధతిలోనే వెళ్దామనుకుంటున్నాం. కోర్టులు, పిచ్ సెలవుల్లోనే పూర్తి చేయిస్తాం, గడ్డి ఆగస్టులో. టర్ఫ్ కోసం అనుకున్న డబ్బులో మిగిలేది బ్యాంకులో డిపాజిట్ చేసి దాని మీద వచ్చే వడ్డీ, తగ్గితే అసలులోంచి కొంత, గ్రౌండ్ మనిషి జీతానికి పెడతాం. స్కూల్ ఆయాగారి భర్త వ్యవసాయం పని తెలిసినాయన, ఆయన్ని అడిగాం, సరేనన్నారు. ఏటా చందాలు అడిగే తిప్పలు తప్పుతాయి.

ఒక డౌట్ మిగిలింది. గ్రౌండ్‌లో ఒక మూల తుంగ విపరీతంగా ఉంది. గరిక నాటే ముందు దాన్ని ఏం చేయాలి?

నర్సరీ_బుక్కరాయసముద్రం:
తుంగ ఉన్న మూలని సెలవుల్లోనే చూసుకోండి, ఆగస్టు దాకా ఆగొద్దు. పారతో చెక్కితే లాభం లేదు, ట్రాక్టర్‌తో ఒక్కసారి దున్ని వదిలేస్తే ఇంకా నష్టం. కింద ఉన్న గడ్డలు విడిపోయి ఒకటి ఉన్న చోట పది మొలుస్తాయి. మే నెలలో లోతుగా దున్నించి గడ్డలు పైకి తెప్పించండి, పది రోజులు ఎండనివ్వండి, మళ్లీ దున్నించండి. మన ఎండకి చాలా భాగం చచ్చిపోతుంది. జూన్‌లో మొదటి వాన పడగానే మిగిలినవి మొలకెత్తుతాయి, అప్పుడు నేల తడిగా ఉండగానే గడ్డతో సహా లాగించండి. తీసింది గట్టున పడేయొద్దు, గోనె సంచిలో పోసి ఎండలో పెట్టండి. జూలైలో ఇంకోసారి చూసి, మూల శుభ్రంగా ఉంటేనే తీగలు నాటండి. తీగలు నా దగ్గర ఉన్నాయి, స్కూల్‌కి డబ్బులు అక్కర్లేదు, ట్రాలీ మాత్రం మీరు పంపించండి.